తడి ఆరకముందే

ఫిబ్రవరి 4

చెల్లాయీ,

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు. ఫోన్ చేస్తే ఎత్తనని అదొక కోపం. ఏం చేయను చెప్పు, ఆ రోజు రేవు నుంచి కబురు వచ్చింది ఆ ఫోన్‌లోనే. అప్పట్నించీ అది మోగితే ఒళ్ళు చల్లబడిపోతుంది. ఉత్తరమైతే నాకు ధైర్యం చిక్కినప్పుడు విప్పుకోవచ్చు.

ఇంతకీ విశేషమేమిటంటే, అబ్బాయి పడవ పని మొదలుపెట్టాను. వాడు ఒక్కడూ సముద్రం మీదికి వెళ్ళడం, పడవ ఒక్కటే తెరచాప ఎత్తినది ఎత్తినట్టే వచ్చి ఇసుకమేట మీద ఒరిగిపోవడం, దాన్ని లాక్కొచ్చి బోటు యార్డులో ఇనుప కాళ్ళ మీద నిలబెట్టడం, ఇదంతా జరిగి రెండేళ్ళు దాటిపోయింది. ఇన్నాళ్ళూ టార్పాలిన్ ఎత్తి చూడడానికి మనసొప్పలేదు. మొన్న గాలికి అదే ఎగిరిపోయింది. వెళ్ళి చూస్తే రంగంతా సుద్దలా తేలిపోయి, ఎడమ పక్కన రాళ్ళు గీసిన చారలు ఎముక కనబడినట్టు కనబడుతున్నాయి. ఫైబర్‌గ్లాస్ కాబట్టి కుళ్ళలేదు. చెక్కదైతే ఈపాటికి పొయ్యిలోకి పోయేది.

నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళకి కట్టుడుపళ్ళు చేసి, నాలుకకి తగలకుండా నునుపు పెట్టినవాణ్ణి. ఒక పడవకి నునుపు పెట్టలేనా? ముందు సబ్బుతో కడిగాను. తర్వాత థిన్నర్ గుడ్డతో పాత మైనమంతా తుడిచాను. మైనం పూర్తిగా పోకముందే రుద్దితే అది లోపలికి దిగిపోయి, పైన ఏ రంగు వేసినా నిలవదు. ఇక ఉప్పుకాగితం పట్టాలి. గుంటలకి పుట్టీ పెట్టాలి. ప్రైమరు, మళ్ళీ రుద్దడం, ఆఖరున రంగు.

చిక్కల్లా ఆ ఆఖరి రంగుతోనే. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు రోలర్‌తో పలచగా పూసుకుంటూ పోవాలి, వెనకే ఇంకొకరు మెత్తటి బ్రష్ కొసతో బుడగలు చితికేలా సర్దుకుంటూ రావాలి. ఒక పట్టీ తడి ఆరకముందే పక్క పట్టీ కలవాలి. పోయినసారి రోలర్ వాడిది, బ్రష్ కోడలిది. దాని చేతి వాటం నీకు తెలియదు. ఊపిరి పీల్చినట్టు వేస్తుంది.

అందుకని ఆ పిల్లతో ఒక మాట చెప్పు. నీ దగ్గర ఉండి, ఉద్యోగం చేసుకుంటూ బాగానే ఉందని రాశావు, సంతోషం. ఎండలు ముదరకముందు ఒక రెండు రోజులు సెలవు పెట్టి రమ్మను. ఎవరి వస్తువు వాళ్ళకి బాగుచేసి అప్పగించాలి కదా.

మోకాళ్ళకి మందు రాసుకుంటున్నావా? హాస్టల్ పిల్లల మీద అరవడం తగ్గించు.

నీ అన్నయ్య


ఫిబ్రవరి 15

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఇంట్లోంచి బయటికి వెళ్ళి ఒక పని పట్టుకున్నావంటేనే నాకు సగం జబ్బు నయమైంది. అప్పగించాలి అన్న మాట దగ్గర ఆగిపోయి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివాను. ఇన్నాళ్ళకి ఆ నిర్ణయానికి వచ్చావు. ఎవరైనా కొనేవాళ్ళు అడిగారా? తెలుపు వెయ్యి. తెలుపైతే ఎవరికైనా నచ్చుతుంది, తొందరగా పోతుంది.

ఇక్కడ అంతా మామూలే. హాస్టల్‌లో నీళ్ళ పంపు పాడైంది. పిల్లలు బకెట్లు పట్టుకుని వరసలో నిలబడి, వార్డెన్‌నైన నేనే మోటారునన్నట్టు నన్ను చూస్తున్నారు. అరవకుండా ఎలా ఉండను?

కోడలికి నీ మాట చెప్పాను. ఎక్స్‌రే గదిలో దానికి చేతినిండా పని. నా మాట విని క్యారేజీ సర్దుకుంది. తర్వాత, "అంతా ఒక కొలిక్కి వచ్చాక నేనే వస్తానని చెప్పండి అత్తయ్యగారూ" అంది. నేను రెట్టించలేదు. నువ్వు కూడా తొందరపెట్టకు.

వేళకి తిను. నీ వంట సంగతి నాకు తెలుసు కాబట్టి, కనీసం ఉడికిందో లేదో చూసుకుని తిను.

నీ చెల్లి


మార్చి 3

చెల్లాయీ,

అమ్ముతానని నీకెవరు చెప్పారు? నా ఉత్తరంలో ఆ మాట ఎక్కడుంది? అప్పగించాలి అన్నాను. పడవ ఎవరిదో వాళ్ళకి. వాడిది వాడికి. నువ్వు అలా రాయగలిగావంటే మా ఇంట్లో మనుషుల లెక్క నీ మనసులో ఎప్పుడో తేలిపోయిందన్నమాట. సరే, పోనీ. నీతో దెబ్బలాడే ఓపిక నాకు లేదు.

రుద్దడం పూర్తయింది. ఎలా చెప్పను నీకు? వాడు వేసింది ఆకుపచ్చ. నా ముక్కుకి మాస్కు, కళ్ళకి అద్దాలు, చేతిలో రుద్దుడు మిషను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి ఆ పచ్చదనమంతా పొడై నా బూట్ల మీద, కనుబొమల మీద, చెవుల్లో. ఒక చోట బ్రష్ వెంట్రుక ఒకటి రంగులో ఇరుక్కుని ఉంది. గోరుతో తీద్దామని చూశాను, రాలేదు. మిషను పెట్టేశాను. రంగు నిలవాలంటే పాతది పోవాలి, వేరే దారి లేదు. వాడి చేతి పని అంతా నా చేత్తోనే పొడి చేసి, చీపురుతో ఊడ్చి, సంచీలో కట్టి పారేశాను. ఇంటికొచ్చి తల రుద్దుకుంటే నీళ్ళు పచ్చగా పోయాయి. ఆ నీళ్ళు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అంతకంటే రాయలేను.

ఇప్పుడు పుట్టీ పెడుతున్నాను. కంటికి నునుపుగా కనబడుతుంది కానీ అరచెయ్యి ఆనిస్తే ఎక్కడెక్కడ లోటుందో తెలుస్తుంది. పళ్ళ పనిలోనూ అంతే.

పిల్ల చెప్పింది సబబుగానే ఉంది. ఆసుపత్రిలో సెలవు అంత తేలిగ్గా దొరకదు, ఒక కొలిక్కి రావాలి కదా. మార్చి ఆఖరుకి దొరుకుతుందేమో కనుక్కో. ప్రైమరు అప్పటికి అయిపోతుంది. ఆకుపచ్చే తెచ్చి పెట్టాను, వాడు వేసిన పచ్చే. గది కూడా ఊడ్పించాను. తన దుప్పటి ఎండలో వేశాను.

అన్నయ్య


మార్చి 14

అన్నయ్యా,

కోప్పడకు. నేను రాసింది తప్పుగా అనిపిస్తే తప్పే. నీ ఉత్తరం నేను చదవమని ఇవ్వకముందే పిల్ల తీసుకుని చదివింది. దుప్పటి ఎండలో వేశానన్న చోటు దాకా చదివి మడిచి, నా చేతికిచ్చి, మేడ మీదికి వెళ్ళింది. ఆరేసిన బట్టల మధ్య కూర్చుని, ఎంత పిలిచినా భోజనానికి దిగలేదు.

దాని సంగతి నేను ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్ళూ పంపు గురించీ మోకాళ్ళ గురించీ రాస్తూ వచ్చాను. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. మనిషి సగమైపోయింది. అయినా నువ్వు దిగులు పడకు, ఒంటరిగా లేదు. మా వీధి చివర మందుల షాపతను రోజూ వచ్చి చూసి వెళుతున్నాడు. మంచివాడు, నెమ్మదైనవాడు. అతను వస్తే దాని ముఖంలో కాస్త తెరిపి కనబడుతుంది. మిగతాది ఎదురుగా మాట్లాడుకుంటే బాగుంటుంది. నువ్వే ఒకసారి ఇక్కడికి రాకూడదూ? రంగు ఎక్కడికీ పోదు.

సెలవు గురించి మాత్రం ఆశ పెట్టుకోకు.

చెల్లి


మార్చి 20

చెల్లాయీ,

పిల్లకి ఒంట్లో బాగాలేదని ఇంత ఆలస్యంగానా చెప్పడం? రోజూ మందుల షాపతను ఇంటికి రావలసినంత జబ్బంటే మాటలా? నిద్ర పట్టకపోవడం, మనిషి చిక్కిపోవడం. ఎక్స్‌రే గదిలో పని వల్లేమో, డాక్టరుకి చూపించావా? షాపువాళ్ళ మందులతో సరిపెట్టకు. అతను ఎంత మంచివాడైనా డాక్టరు కాడు కదా.

నేను ఎంత బుద్ధిలేనివాణ్ణి. అలాంటి మనిషిని ఈ వాసనల్లోకి రమ్మన్నాను. ఈ రంగు రెండు డబ్బాలుగా వస్తుంది, రెండూ కలిపితేనే గట్టిపడేది. కలిపాక దాని ఆవిరి గట్టివాళ్ళ ఊపిరికే మంచిది కాదు. పంపకు. తను వస్తానన్నా పంపకు. నేనొక్కణ్ణే వేస్తాను. ఒక చేత్తో రోలర్, ఒక చేత్తో బ్రష్. నెమ్మదిగా, కొద్దికొద్దిగా వేసుకుంటూ వెళితే కాకుండా పోదు.

నన్ను రమ్మన్నావు. ప్రైమరు వేసి వదిలేస్తే పాడైపోతుంది. ఈ పని కాగానే వస్తాను. తనని చూసి, కోలుకున్నాక వెంటబెట్టుకు వస్తాను. వాడు వచ్చేసరికి తను ఇక్కడుంటే బాగుంటుంది.

అన్నయ్య


మార్చి 29

అన్నయ్యా,

ఉత్తరం చూడగానే కూర్చున్న దాన్ని కూర్చున్నట్టే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నువ్వు ఒక్కడివీ ఆ రంగు జోలికి వెళ్ళకు.

పిల్లకి జబ్బేమీ లేదు. మందుల షాపతను మందులివ్వడానికి రావడం లేదు. అతను దాన్ని పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. దానికీ ఇష్టమే. ఆ ఇష్టానికి అది పడే బాధ చూడలేకపోతున్నాను. నీ పేరెత్తితే చాలు, చేసింది నేరంలా తలదించుకుంటుంది.

వాడు లేడని కోర్టు తేల్చాలి. పిల్ల కేసు మీ ఊళ్ళోనే వేసింది. నీకు కవర్లు వచ్చే ఉంటాయి. సముద్రం మీద పోయినవాళ్ళ విషయంలో కన్నతండ్రి నిలబడి చెబితే ఏడేళ్ళూ ఆగక్కర్లేదని వకీలు అన్నాడు. కొలిక్కి రావడమంటే అదీ. సెలవు కాదు.

నీ ముందు ఎవరు అనాలి ఆ మాట? నేను ఆ బ్రష్ గురించీ దుప్పటి గురించీ చదువుతూ, వచ్చే ఉత్తరంలో రాద్దాం, వచ్చే ఉత్తరంలో రాద్దాం అనుకుంటూ వచ్చాను. వాడు నా మేనల్లుడు. నాకు మాత్రం తేలిగ్గా ఉందా? కానీ అన్నయ్యా, వాడు రాడు.

చెల్లి


ఏప్రిల్ 4

నీ ఉత్తరం వచ్చేసరికి రంగు వేయడం అయిపోయింది. ముందు ఆ సంగతే చెబుతాను, రెండోది తర్వాత.

గాలి లేని రోజు చూసుకుని పొద్దున్నే మొదలుపెట్టాను. ముక్కు దగ్గర బాగానే వచ్చింది. మూరెడు పూయడం, రోలర్ కింద పెట్టడం, బ్రష్ తీసుకోవడం, సర్దడం, మళ్ళీ రోలర్ వెతుక్కోవడం. నిచ్చెన జరిపేలోగా వెనకది బంక పట్టేసింది. దాని మీద బ్రష్ పెడితే గీత, పెట్టకపోతే బుడగ. ఆగితే అతుకు పడుతుందని ఆగలేదు. తొందరలో ఎక్కువ పూశాను, అది కిందికి కన్నీళ్ళలా కారి అక్కడే గడ్డకట్టింది. తోక దాకా వచ్చేసరికి సాయంత్రమైంది, గాల్లో చెమ్మ దిగి మెరుపంతా చచ్చిపోయింది. రెండు పక్కలా వాతలు, తట్లు. అది పడవలా లేదు. చర్మం ఒలిచినట్టుంది. యార్డు వాళ్ళు అటుగా వచ్చి, చూసి, మాట్లాడకుండా వెళ్ళారు. బాగుందని ఒక్కడైనా అబద్ధం చెప్పలేకపోయాడు.

రంగు డబ్బా మీద కూర్చుని నీ ఉత్తరం విప్పాను.

కోర్టు కవర్లు వచ్చాయి. నేను విప్పలేదు. థిన్నర్ సీసాల కింద పరిచాను. ఇప్పుడూ విప్పను. నేను చెప్పను చెల్లాయీ. పడవ తెరచాప దించకుండా వచ్చింది. చుక్కాని తాడు కట్టినది కట్టినట్టే ఉంది. అంటే వాడు కాసేపటికని పక్కకి జరిగాడనే కదా అర్థం? ఏదో ఓడ ఎక్కించుకుని ఉండొచ్చు. ఎక్కడో భాష తెలియని ఒడ్డున ఉండొచ్చు. ఉండడని నీ వకీలు చూశాడా? కన్నతండ్రి నోటితో కొడుకుని చంపించి పెళ్ళి చేసుకోవాలా?

దానికి ఇష్టమైతే వెళ్ళమను. నన్ను అడగొద్దు. నువ్వు ఇన్నాళ్ళూ నా దగ్గర దాచి, నన్ను గది ఊడ్పించుకోనిచ్చావు. నాకు ఇంకేం రాయకు.


ఏప్రిల్ 12

అన్నయ్యా,

రాయవద్దన్నా రాస్తున్నాను, తప్పదు. పిల్ల పొద్దున్న బస్సుకి బయల్దేరి నీ దగ్గరికి వస్తోంది. నేను పంపలేదు. నీ ఉత్తరం చూపించకూడదనుకున్నాను, కానీ దాచి దాచి ఇంత దూరం తెచ్చింది నేనే కదా, ఇచ్చేశాను. చంపించి అన్న మాట కూడా చదివింది. ఏడవలేదు. పాత చీర ఒకటి, పని చొక్కా ఒకటి సంచీలో పెట్టుకుంది. "బ్రష్‌లు అక్కడ ఉంటాయా, కొనుక్కెళ్ళాలా" అని అడిగింది, అంతే.

ఈ ఉత్తరం దానికంటే వెనకే చేరుతుంది. అయినా రాయకుండా ఉండలేకపోయాను. దాన్ని ఏమీ అనకు. అనదలుచుకుంటే నన్ను అను.

చెల్లి


మే 6

చెల్లాయీ,

నీ ఉత్తరం తనకంటే రెండు రోజులు వెనక చేరింది. అప్పటికి అనాల్సినవి అనలేకపోయాను, అవి లోపలే మిగిలిపోయాయి.

వచ్చిన రోజు గుమ్మంలో నిలబడింది. నేను లోపలికి రమ్మనలేదు. అదే వచ్చి, కాళ్ళు కడుక్కుని, పని చొక్కా తొడుక్కుని, యార్డుకి వెళదామంది. పడవ చూసింది. నువ్వు ఆశ్చర్యపోతావు, నవ్వింది. "మీరొక్కరే ఎలా వేద్దామనుకున్నారు మావయ్యగారూ" అంది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక ఇద్దరం చాలాసేపు అటూ ఇటూ చూశాం.

పాడైన రంగంతా మళ్ళీ రుద్దాం. తను ఒక పక్క, నేను ఒక పక్క. తడి కాగితంతో, నీళ్ళు పోసుకుంటూ. చేతులు పుళ్ళు పడ్డా మానలేదు. రాత్రి వంట చేసేది, తినేవాళ్ళం, తను ఆ గదిలో పడుకునేది. మందుల షాపతని ఊసు తను ఎత్తలేదు, నేను అడగలేదు. కోర్టు ఊసూ లేదు. ఇలాగే గడిచిపోతే బాగుండుననుకున్నాను. గట్టిగా చెప్పాలంటే, పని తెమలకపోతే బాగుండుననుకున్నాను.

రంగు వేసిన రోజు ఎవ్వరం మాట్లాడలేదు. మాట్లాడడానికి వీల్లేదు, తడి ఆగదు. నేను పూసుకుంటూ వెళ్ళాను, తను వెనకే బ్రష్ కొసతో. నా చెయ్యి వదిలిన చోటికి తన చెయ్యి వచ్చేది. తోక దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే అతుకన్నది లేదు. యార్డు కంచె, కంచె పక్క మేము, మా వెనక ఆకాశం, అన్నీ అందులో కనబడుతున్నాయి. నా బతుకులో అంత బాగా చేసిన పని లేదు. చూసేవాడు లేడు.

అప్పుడు చెప్పింది. బ్రష్ కడుగుతూ, నా వైపు చూడకుండా.

"రోజూ నిద్ర లేవగానే ఆయన ఉన్నాడా లేడా అని మొదట్నించీ మళ్ళీ అనుకోవలసి వస్తోంది మావయ్యగారూ. రోజూ మధ్యాహ్నానికి లేడని తేలుతుంది. పొద్దున్నకి మళ్ళీ మొదలు. నేను చెబితే నాకు నమ్మకం కుదరడం లేదు. మీరు చెబితే నమ్ముతాను."

నాకూ అంతే జరుగుతోందని తనతో చెప్పలేదు. సరేనన్నాను.

వాయిదా రోజు తనతో కోర్టుకి వెళ్ళాను. కొడుకుని ఆఖరుసారి ఎప్పుడు చూశారని అడిగారు. చెప్పాను. ఈత వచ్చా అన్నారు. వచ్చన్నాను. ఆ తర్వాత, అతను బతికి ఉన్నాడనుకోవడానికి మీ దగ్గర కారణం ఏమైనా ఉందా అని అడిగారు. ఓడ గురించి చెప్పాలనుకున్నాను. తెలియని ఒడ్డు గురించి చెప్పాలనుకున్నాను. పక్కన పిల్ల కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"లేదు" అన్నాను.

వినబడలేదు, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. ఒకసారి చెబితే సరిపోతుందనుకుని వెళ్ళాను చెల్లాయీ.

బస్సు దగ్గర తను నా కాళ్ళకి వంగబోతే పట్టుకుని ఆపాను. పెళ్ళికి నన్ను పిలవద్దని చెప్పాను. కోపంతో కాదని కూడా చెప్పాను. అతను మంచివాడేనా అని అడిగితే తలూపింది. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. గోళ్ళ సందుల్లో ఇంకా పచ్చరంగు ఉంది.

పడవని అమ్మమని యార్డు వాళ్ళకి చెప్పేశాను. మర్నాడే ఎవరో భార్యాభర్తలు వచ్చి చూశారు. రంగు ఎవరు వేశారని అడిగారట. పేరు మార్చుకోవచ్చా అన్నారట. మార్చుకోమన్నాను.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు ముందే చెప్పి ఉంటే నేను వినేవాణ్ణి కాదు. ఇప్పుడు రాకు. నీ మోకాళ్ళతో ఈ ఇంటి మెట్లు ఎక్కలేవు, నేను ఎదురు రాలేను.

ఇవాళ పొద్దున్నే లేచి, పని బట్టలు తొడుక్కుని, మాస్కు జేబులో పెట్టుకుని, తలుపుకి తాళం కూడా వేశాను. వీధిలోకి వచ్చాక గుర్తొచ్చింది, పని అయిపోయిందని. తాళం తీసి లోపలికొచ్చాను. ఆ బట్టల్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

అన్నయ్య